అచ్చుయంత్రానికి ఎన్ని భాషలు వచ్చు?



బందరు కోనేరు సెంటరు దగ్గరో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో జిరాక్సు కొట్టు ముందు మీరు ఎప్పుడైనా నిలబడ్డారా? ఒకరు పరీక్ష హాలు టిక్కెట్టు అచ్చు వేయించుకోవడానికి వస్తారు. మరొకరు పొలం అడంగలు కోసం వస్తారు. ఇంకొకరు పెళ్ళి శుభలేఖ మచ్చు పట్టుకొస్తారు. అందరి సరుకూ ఫోనులోనే ఉంటుంది. కొట్టులోని అబ్బాయి ఒక్కొక్కటే తెరుస్తాడు, చూస్తాడు, మీట నొక్కుతాడు. యంత్రం గుర్రుమంటూ కాగితం బయటికి నెడుతుంది.

అతను చేసే పనల్లా మీట నొక్కడమే అని మీకు అనిపించవచ్చు. కాని చూడండి, అతను తెరిచిన ఫైళ్ళు ఒక్కొక్కటీ ఒక్కొక్క పద్ధతిలో రాసి ఉంటాయి. హాలు టిక్కెట్టు పి.డి.ఎఫ్. శుభలేఖ ఒక బొమ్మ. అర్జీ వర్డు ఫైలు. జాబితా ఎక్సెలు ఫైలు. ఏది దేనితో తెరవాలో అతనికి తెలుసు గనక పని జరిగిపోతున్నది. ఆ అబ్బాయి లేకుండా, రకరకాల ఫైళ్ళు ఒక బుట్టెడు పోసి, "అన్నిటినీ నువ్వే అచ్చు వెయ్యి" అని కంప్యూటరుకు అప్పగిస్తే ఏమవుతుంది? ఈ నెల మన ముచ్చట అదే.

ముందు పాత రోజుల అచ్చాఫీసు సంగతి కొంచెం వినండి. మన బందరు అచ్చుకు పాత ఊరు. 1902లో ఇక్కడ కృష్ణా పత్రిక మొదలైంది. 1907 నుంచి ముట్నూరి కృష్ణారావుగారు దానికి సంపాదకులు. ఆ కాలపు అచ్చాఫీసు ఏదైనా తీసుకోండి, ఒక రచయితది గొలుసుకట్టు రాత, ఒకరిది కోడి గెలికినట్టు ఉంటుంది, మరొకరు పెన్సిలుతో రాసి పంపుతారు. అయినా పత్రికలో అందరి అక్షరాలూ ఒకే తీరున కనిపించేవి. ఎలాగంటారా? మధ్యలో కంపోజిటరు ఉన్నాడు. ఎవరి రాత ఎలా ఉన్నా చదివి, గళ్ళపెట్టెలోంచి సీసం అక్షరాలు ఏరి వరసగా పేర్చేవాడు. యంత్రానికి రచయిత రాతతో పని లేదు. దానికి తెలిసింది సీసం అక్షరాలే.

ఇవాళ్టి ప్రింటరూ అంతే. దానికి వర్డు తెలియదు, ఎక్సెలు తెలియదు. చివరికి దానికి కావలసింది చుక్కలు. అంగుళానికి 600 చుక్కలు పెట్టే ప్రింటరు ఒక ఎ-4 కాగితం మీద ఎన్ని చోట్ల చుక్క పెట్టాలా వద్దా అని నిర్ణయించాలో తెలుసా? అడ్డంగా 4,961, నిలువుగా 7,016. హెచ్చవేసి చూడండి. సుమారు 3 కోట్ల 48 లక్షలు! రంగుల ప్రింటరైతే ఇది నాలుగు సార్లు. నీలం, గులాబి, పసుపు, నలుపు ఒకదాని మీద ఒకటి పడతాయి. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అక్కడా గీతలకు ఒక చెక్క అచ్చు, ప్రతి రంగుకూ వేరే చెక్క అచ్చు. ఒక్కటి కాస్త పక్కకు జరిగితే పువ్వు ఒకచోట, దాని రంగు ఇంకొకచోట.

ఇన్ని చుక్కలను ఒక్కొక్కటిగా చెప్పడం కష్టం గనక, పేజీని వర్ణించడానికి భాషలు పుట్టాయి. "ఇక్కడి నుంచి అక్కడికి గీత గియ్యి, ఫలానా అక్షరాన్ని ఇంత సైజులో ఇక్కడ పెట్టు" అని చెప్పే భాష పోస్ట్‌స్క్రిప్ట్. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనే ఇద్దరు 1982లో అడోబీ అనే కంపెనీ పెట్టి, 1984లో దానిని బయటికి తెచ్చారు. పి.డి.ఎఫ్. దాని తమ్ముడనుకోండి. అది 1993లో పుట్టింది.

ఇప్పుడు ఫైలు దగ్గరకు వద్దాం. ఫైలు అంటే సంఖ్యల వరస, అంతే. బొమ్మయినా, పాటయినా, మీ లెక్కల నోట్సయినా లోపల సంఖ్యలే. పేరు చివర చుక్క పెట్టి తగిలించే మూడు నాలుగు అక్షరాలు ఇంటిపేరులాంటివి. ఆ ఇంటిపేరు చూసి కంప్యూటరు ఫలానా రకం అనుకుంటుంది. కాని ఇంటిపేరు మార్చుకున్నంత మాత్రాన మనిషి మారడు కదా! ఒక బొమ్మ ఫైలు పేరు చివర పి.డి.ఎఫ్. అని రాసి చూడండి. అది బొమ్మగానే ఉంటుంది, తెరవబోతే యంత్రం మొరాయిస్తుంది.

అందుకని తెలివైన ప్రోగ్రాము పేరు చూసి ఊరుకోదు, ఫైలు మొదటి సంఖ్యలు చూస్తుంది. పి.డి.ఎఫ్. ఫైలు మొదట్లో ఒక శాతం గుర్తు, దాని పక్కన పి, డి, ఎఫ్ అనే అక్షరాలు ఉంటాయి. ఫోనులో తీసిన జె.పి.జి. బొమ్మ 255, 216 అనే సంఖ్యలతో మొదలవుతుంది. వర్డు ఫైలు (కొత్త రకం) "పి కె" అనే రెండక్షరాలతో మొదలవుతుంది. అవి ఫిల్ కాట్జ్ అనే ఆయన పేరులోని పొడి అక్షరాలు. 1989లో జిప్ మూట కట్టే పద్ధతిని లోకానికి ఇచ్చింది ఆయనే. వర్డు ఫైలు నిజానికి చిన్న చిన్న ఫైళ్ళను కట్టిన జిప్ మూట. తమాషా ఏమంటే ఎక్సెలు ఫైలు కూడా జిప్ మూటే, అదీ "పి కె" అనే అంటుంది. ఆ రెండింటినీ వేరు చేయాలంటే మూట విప్పి లోపల చూడాలి.

రకం తెలిసింది. తరవాత? ఒక్కొక్క రకాన్ని ఒక్కొక్క ప్రింటరు భాషలోకి మార్చే ప్రోగ్రాములు రాద్దామనుకోండి. అయిదు రకాల ఫైళ్ళు, మూడు రకాల ప్రింటర్లు ఉంటే 5ను 3తో హెచ్చవేయాలి, 15 ప్రోగ్రాములు కావాలి. ఇక్కడ మనకు గుడివాడ జంక్షను సాయం వస్తుంది. భీమవరం నుంచి రైలులో బందరు వెళ్ళేవాడూ గుడివాడ రావలసిందే, బెజవాడ నుంచి ఆ దారిన బందరు వెళ్ళేవాడూ గుడివాడ రావలసిందే. ప్రతి ఊరి నుంచీ ప్రతి ఊరికీ వేరే పట్టాలు వేయనక్కరలేదు. ఫైళ్ళకు అలాంటి గుడివాడ పి.డి.ఎఫ్. ముందు అన్నిటినీ పి.డి.ఎఫ్.లోకి మార్చు, అక్కడి నుంచి ప్రింటరు భాషలోకి మార్చు. 5, 3 కలిపితే 8 ప్రోగ్రాములతో పని తీరిపోతుంది. దివిసీమకు రైలు లేదు గదా మాస్టారూ అని మీలో ఎవరో అంటారని తెలుసు. నిజమే, దివికి వెళ్ళేవాడు బస్సు ఎక్కాలి. ఫైళ్ళలోనూ అలాంటి మొండివి ఉన్నాయి, చెబుతాను.

మైకేల్ స్వీట్ అనే ఆయన రాయగా 1999లో విడుదలైన కప్స్ అనే అచ్చు వ్యవస్థ సరిగ్గా ఈ పని కోసమే. ఫైలు ఇవ్వగానే అది రకం గుర్తుపడుతుంది. మార్పిడి ప్రోగ్రాములను గొలుసుగా కూర్చుతుంది. ఒక్కొక్క మార్పిడికీ ఒక ఖర్చు అంకె రాసి ఉంటుంది, ఏ దారిలో ఖర్చు తక్కువో ఆ దారి పట్టుకుంటుంది. మీ అమ్మగారు సంతకు వెళ్ళేటప్పుడు చేసే లెక్కే ఇది. లినక్సు యంత్రాలలో, ఆపిల్ యంత్రాలలో కప్స్ పనిచేస్తూ ఉంటుంది, మనకు కనిపించదు. విండోసులో ఇంకొక పద్ధతి ఉంది. ఏ ఫైలుకు ఏ ప్రోగ్రాము సొంతదారో దానినే పిలిచి "ఇది అచ్చు వెయ్యి" అని చెప్పడం. సులువే, కాని ఆ ప్రోగ్రాము యంత్రంలో ఉండాలి. పైగా అది మధ్యలో "మార్పులు భద్రపరచమంటారా?" వంటి ప్రశ్న వేసి జవాబు కోసం నిలబడిపోతుంది. గదిలో ఎవరూ ఉండరు. తెల్లవార్లూ అది అలాగే నిలబడి ఉంటుంది!

ఇక అసలు కథ. దివిసీమలో ఒక ఉన్నత పాఠశాల పిల్లలు పెద్దలను కలిసి 1977 ఉప్పెన జ్ఞాపకాలు రాసుకున్నారు. ఆ సంవత్సరం నవంబరు 19న సముద్రం దివిసీమ ఊళ్ళ మీదికి వచ్చింది. వేలమంది పోయారు. ఆనాడు తాటిచెట్టు పట్టుకుని బతికినవారికి ఇప్పుడు వయసు మళ్ళింది. వాళ్ళ మాటలను కాగితం మీద పెట్టి, నవంబరు 19 నాడు బడి గోడ మీద అతికించాలనీ, చెప్పినవాళ్ళకు తలా ఒక ప్రతి ఇవ్వాలనీ పిల్లల పట్టుదల. ఫోనులో చూపిస్తే సరిపోదా అని ఒకరన్నారు. ఎనభై ఏళ్ళ మామ్మకు ఫోనులో అక్షరాలు ఆనవు. కాగితం అయితే మడిచి పెట్టెలో దాచుకుంటుంది.

ఫైళ్ళు వచ్చాయి. ఎన్ని వేషాలని! కొందరు చేతిరాతను ఫోనుతో ఫోటో తీసి పంపారు. ఒకరు వర్డులో కొట్టారు. హైదరాబాదులో ఉన్న ఒక మనవడు పి.డి.ఎఫ్. పంపాడు. అమెరికా నుంచి ఒకామె తన తాతయ్య మాటలు పంపింది. గుడివాడలో ఎప్పుడో డి.టి.పి. చేయించిన పాత ఫైలు ఒకటి దొరికింది. అన్నిటికంటె ముఖ్యమైనది ఎక్సెలు పట్టీ. పోయినవారి పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు అందులో ఉన్నాయి. వ్యవధి ఒక్క సాయంకాలం. బందరులో కంప్యూటరు ఉద్యోగం చేసుకునే ఒక పాత విద్యార్థి, "మాస్టారూ, ఇవన్నీ ఒక్కొక్కటీ తెరిచి నొక్కడం నావల్ల కాదండీ, ప్రోగ్రాము రాస్తాను" అన్నాడు. పైథాను అనే భాషలో రాశాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ప్రశ్నలు వేశాను. రిటైరైన హెడ్మాస్టరుకు అంతకంటె పనేముంది?

ప్రోగ్రాము చేసేది ఇదీ. సంచిలోంచి ఒక ఫైలు తీస్తుంది. మొదటి సంఖ్యలు చూసి రకం తేల్చుకుంటుంది. వర్డు, ఎక్సెలు అయితే లిబ్రే ఆఫీసును తెర మీద కనిపించకుండా పిలిచి పి.డి.ఎఫ్. చేయిస్తుంది. బొమ్మ అయితే కాగితానికి సరిపడా కుదించి పి.డి.ఎఫ్. చేస్తుంది. పి.డి.ఎఫ్.ను ముట్టుకోదు. తరవాత ప్రింటరు వరసలో పెడుతుంది. నేను అడిగాను: "ఏదైనా మారకపోతే ఏం చేస్తుందిరా?" వాడు, "దాన్ని వదిలేసి తరవాతదానికి పోతుందండీ" అన్నాడు.

అక్కడే నేను ఆపమన్నాను. మీకూ అర్థమైంది కదూ? వదిలేసిన ఫైలు ఎవరిది? ఒక ఇంటి మాట అది. గోడ మీద లేకపోతే ఆ ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. వాడు కాసేపు ఊరుకుని, ఒక హాజరుపట్టీ కూడా రాయించాడు. ఫైలు పేరు, రకం, ఎన్ని పేజీలు, అచ్చుకు వెళ్ళిందా లేదా అని ప్రతి ఫైలుకూ ఒక వరస. మారనివి వేరే సంచిలోకి వెళతాయి, వాటి పేర్లు చివర పెద్ద అక్షరాలతో వస్తాయి. ఈ పట్టీ ఆ రాత్రే అక్కరకు వచ్చింది. మధ్యలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక మొదటి నుంచి మళ్ళీ వేసి కాగితాలు తగలెయ్యకుండా, పట్టీ చూసి ఆగినచోటి నుంచి మొదలుపెట్టింది ప్రోగ్రాము.

చిక్కులు ఇంకా ఉన్నాయి. అమెరికా ఫైలు రాగానే ప్రింటరు ఆగిపోయి ఎర్రదీపం వెలిగించింది. కాగితం ఉంది, సిరా ఉంది, ఏమిటి రోగం? అమెరికావాళ్ళు వాడేది లెటరు సైజు కాగితం, 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మన ఎ-4 వెడల్పు 210, పొడవు 297. ఆ ఫైలు లెటరు సైజు కాగితం అడిగింది, ప్రింటరు ఆ కాగితం పెట్టేదాకా కదలనని భీష్మించుకుంది. వెనక వరసలోవన్నీ ఆగిపోయాయి. ప్రతి పేజీనీ ఎ-4లో ఇమిడేటట్టు కుదించమని ప్రోగ్రాములో ఒక వాక్యం చేర్చాడు. ఎర్రదీపం ఆరింది.

ఎక్సెలు పట్టీ వచ్చినప్పుడు అందరికీ మనసు చివుక్కుమంది. పట్టీ వెడల్పు ఎక్కువ. అందుకని యంత్రం దానిని నిలువునా కోసి, పేర్లు ఒక కాగితం మీద, ఊళ్ళు ఇంకొక కాగితం మీద వేసింది. ఏ పేరు ఏ ఊరిదో తెలియదు. యంత్రం దృష్టిలో ఇది తప్పు కాదు, పేజీలన్నీ శుభ్రంగా అచ్చయినట్టే లెక్క. హాజరుపట్టీలోనూ "అయింది" అనే పడింది. కన్ను పెట్టి చూసిన ఎనిమిదో తరగతి అమ్మాయి పట్టుకున్నది దీనిని. వెడల్పు ఒక్క పేజీలో ఇమడాలి, పొడవు ఎన్ని పేజీలైనా పోవచ్చు అని ఎక్సెలుకు చెప్పవచ్చు. చెప్పాక పేరూ ఊరూ మళ్ళీ పక్కపక్కన చేరాయి.

అన్నిటికంటె మొండిది గుడివాడ ఫైలు. ఇదే నేను చెప్పిన బస్సు ప్రయాణం. తెరిస్తే తెలుగు ముక్క ఒక్కటి లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, కొక్కేలూ, చుక్కలూ కలగాపులగంగా ఉన్నాయి. ఫైలు పాడయిందని వాడు తేల్చబోయాడు. పాడవలేదు. ఒకప్పుడు డి.టి.పి. వాళ్ళు వాడిన అక్షరాలలో ఇంగ్లీషు అక్షరం ఉండవలసిన చోట తెలుగు బొమ్మ కూర్చోబెట్టేవారు. లోపల సంఖ్య ఇంగ్లీషు అక్షరానిదే, పైన వేషం తెలుగుది. ఆ అక్షరాల పెట్టె ఉన్న యంత్రంలో చదివితే తెలుగు, లేని యంత్రంలో గజిబిజి. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క తీరున బొమ్మలు కూర్చింది గనక ఒకదాని పెట్టె ఇంకొకదానికి పనికిరాదు. చివరికి ఆ పాత అక్షరాలు ఇంకా ఉన్న ఒక కొట్టు దొరికింది. అక్కడ తెరిచి పి.డి.ఎఫ్. చేసి తెచ్చాడు. పి.డి.ఎఫ్.లో ఉన్న గొప్ప సుగుణం ఇదే. తనకు కావలసిన అక్షరాల బొమ్మలను తన మూటలోనే కట్టుకుని ప్రయాణం చేయగలదు. ఎక్కడ దింపినా అదే రూపం.

ఇప్పుడు ఈ చిక్కుకు మందు ఉంది. దాని పేరు యూనికోడు. దాని మొదటి ప్రతి 1991లో వచ్చింది. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఇళ్ళ స్థలాలు పంచినట్టు సంఖ్యలు పంచారు. మన తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 చోట్లు ఇచ్చారు. ద అంటే బందరులోనూ బర్మాలోనూ 3110 అన్నమాట. గుడింతానికీ సంఖ్యలు ఉన్నాయి. బందరు అని రాస్తే యంత్రం లోపల 3116, 3074, 3110, 3120, 3137. అంటే బ, సున్న, ద, ర, కొమ్ము. దివి అంటే 3110, 3135, 3125, 3135. అందులో 3135 రెండుసార్లు వచ్చింది, అది గుడి. గుడివాడ అంటే 3095, 3137, 3105, 3135, 3125, 3134, 3105. సంఖ్యకు బొమ్మ తొడిగే పని అక్షరరూపాలది. వేషం ఏదైనా సంఖ్య మారదు గనక, ఒక పెట్టె లేకపోతే ఇంకొక పెట్టె తెలుగే చూపిస్తుంది.

అలాంటి అక్షరరూపాలు ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి. ఒకదాని పేరు మండలి. దివిసీమకు చెందిన మండలి వెంకట కృష్ణారావుగారి పేరు అది. 1975లో హైదరాబాదులో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను దగ్గరుండి నడిపించినది ఆయనే. గుత్తుల పురుషోత్ కుమార్ అనే ఆయన దానిని గీశారు. గోడ మీది శీర్షికలన్నీ పిల్లలు ఆ అక్షరాలలోనే వేశారు. ఎందుకని అడిగితే, "మన ఊరి అక్షరాలండీ" అన్నారు.

అర్ధరాత్రి దాటాక వరస ఖాళీ అయింది. "అన్నీ వెళ్ళాయండీ" అన్నాడు మా వాడు. ప్రింటరుకు వెళ్ళడం వేరు, కాగితం మీద పడడం వేరు. ఉత్తరం డబ్బాలో వేసినంత మాత్రాన అందినట్టు కాదు గదా! కాగితాలు నేల మీద పరిచి, పట్టీలోని పేజీల లెక్కతో సరిచూశాం. ఒక పేజీ తక్కువ వచ్చింది. రెండు కాగితాలు అతుక్కుని ఒకటిగా పోయి, ఒకదాని వెనక తెల్లగా ఇంకొకటి దాక్కుని ఉంది. ఆ పేజీ మటుకు మళ్ళీ వేశాడు. పొద్దున పిల్లలు మైదా పిండి ఉడికించి తెచ్చారు.

మీ ఇంట్లోనో బడిలోనో కంప్యూటరు ఉంటే ఒక పని చేయండి. నాలుగు రకాల ఫైళ్ళు తీసుకుని, వాటి మొదటి అక్షరాలను సాదా అక్షరాలు చూపించే ప్రోగ్రాములో తెరిచి చూడండి. అన్నీ గజిబిజిగా కనిపించినా మొదటి రెండు మూడు గుర్తులు పట్టుకోండి. ఏమీ మార్చకుండా మూసేయడం మరిచిపోకండి.

ఇక ఈ నెల చిక్కు ప్రశ్న. పైన నేను ఇచ్చిన మూడు ఊళ్ళ సంఖ్యలు దగ్గర పెట్టుకుని దీనిని చదవండి: 3116, 3105, 3135. రెండోది కాస్త పెద్దది: 3125, 3134, 3095, 3137. ఈ రెండోది దివిసీమలో వాన పడినప్పుడు నిండుతుంది. జవాబులు పోస్టు కార్డు మీద, సంఖ్యలూ అక్షరాలూ రెండూ రాసి పంపండి.